ఒక్క ‘రన్’, పదమూడు చోట్లు: కొత్తవాడ దర్రీల కేటలాగ్ ఇటాలియన్‌లోకి వెళ్లినప్పుడు

వరంగల్ కొత్తవాడలోని ఒక చేనేత సహకార సంఘం ఇచ్చిన పని ఇది. ఇరవై నాలుగు పేజీల ఇంగ్లిష్ కేటలాగ్, ధరల ఎక్సెల్ షీటు ఒకటి, నేల మీద పరిచే దర్రీ వెనక కుట్టే చిన్న లేబుల్ ఒకటి. మూడూ ఇటాలియన్‌లోకి మార్చాలి. ఉత్తర ఇటలీలో ఇంటి సామాను అమ్మే ఒక చిన్న షాపువాళ్లకు మన దర్రీలు నచ్చాయి. షాపులో పనిచేసేవాళ్లకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే, వివరాలన్నీ ఇటాలియన్‌లో పంపగలరా అని అడిగారు. ఇంగ్లిష్ కేటలాగ్‌ను అంతకుముందే హైదరాబాద్‌లో ఎవరిచేతనో రాయించారు.

నేను హనుమకొండలో ఉంటాను. హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఇటాలియన్ నేర్చుకున్నాను, అనువాదం మీదే బతుకుతున్నాను. రోజూ చేతిలో ఉండేవి యంత్రాల మాన్యువళ్లు, ఒప్పంద పత్రాలు. మన ఊరి సరుకు గురించి ఇటాలియన్‌లో రాసే పని రావడం అదే మొదటిసారి. చిన్నప్పుడు మా ఇంట్లో పెళ్లికైనా పేరంటానికైనా పరిచింది కొత్తవాడ శత్రంజీలే. ఇప్పుడు వాటినే అందరూ దర్రీలు అంటున్నారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి సరుకు మీద నా చేతి రాత ఉండబోతోందంటే ఎంత సంతోషమో, అంత టెన్షన్.

ఏ పనికైనా ముందు ఫైలులో పదే పదే వచ్చే మాటల లెక్క తీస్తాను. ఈసారి లెక్కలో పైకి తేలింది ‘రన్’. రన్నర్, రన్నింగ్ కలుపుకుని మూడు ఫైళ్లలో పదమూడు చోట్ల ఉంది. పన్నెండు చోట్ల సరిగ్గా చేశాను. ఒక్కచోట తప్పాను. ఆ ఒక్కటీ సంఘానికి ఒక సీజన్ బేరాన్ని పోగొట్టింది. ఇదంతా వివరంగా రాయడానికి కారణం అదే.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కొత్త కూర్పు కోసం సంపాదకులు ‘రన్’ అనే క్రియకు 645 అర్థాలు తేల్చారు. ఇంగ్లిష్‌లో ఇంకే మాటకూ అన్ని అర్థాలు లేవని చెబుతారు. వింటే భయం వేస్తుంది కానీ, ఇంగ్లిష్‌ను ఆడిపోసుకోవాల్సిన పని లేదు. మన ‘కట్టు’ మాత్రం తక్కువ తిందా? ఇల్లు కడతాం, చీర కడతాం, కరెంటు బిల్లు కడతాం, పాట కడతాం, పందెం కడతాం, దెబ్బ తగిలితే గుడ్డ కడతాం. ఇటలీ మనిషికి ఇవి దేనికది వేరే క్రియ. ఇల్లయితే కోస్త్రుయీరె, బిల్లయితే పగారె, పాటయితే కొంపోర్రె, పందెమైతే స్కొమ్మెత్తెరె, దెబ్బకైతే ఫషారె. చీర దగ్గర వాళ్లకు సరిపడే మాటే లేదు, ఒంటికి చుట్టుకోవడం అని విడమరిచి చెప్పాలి. మనకు మాత్రం ‘కట్టు’ వినగానే తికమక ఉండదు. పక్కన ఇల్లుందా బిల్లుందా అన్నదే తేల్చేస్తుంది. ‘రన్’ కూడా అంతే. పరుగెత్తేది ఏమిటో చూడాలి. రంగా, మగ్గమా, నీళ్లా, చారలా, సంఘమా?

అందుకని ఇలాంటి మాట తగిలినప్పుడు ఇంగ్లిష్ నుంచి ఇటాలియన్‌కు నేరుగా దూకను. ఆ వాక్యం పక్కన, అదే సంగతిని కొత్తవాడలో ఎట్లా అంటారో తెలుగులో రాసుకుంటాను. రంగు దిగుతుంది. మగ్గం నడుస్తుంది. నీళ్లు పారతాయి. చారలు సాగుతాయి. సరుకు అయిపోతుంది. ఇంగ్లిష్‌లో ఒకే గంపలో ఉన్నవన్నీ తెలుగులోకి రాగానే విడివిడి కుప్పలవుతాయి. ఆ కుప్పలు సరిగ్గా పడితే ఇటాలియన్ మాట వెతకడం పెద్ద కష్టం కాదు. ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇదే. తెలుగు రాసుకునేటప్పుడు ఊహించి రాసుకుంటే మాత్రం పద్ధతి మొత్తం పనికిరాదు. అది ఎట్లాగో తర్వాత చెబుతాను.

ముందు లేబుల్. అందులో ‘కలర్స్ మే రన్’ అని ఉంది. పక్కన తెలుగులో ‘రంగు పోవచ్చు’ అని రాసుకుని ఆగిపోయాను. ఎందుకంటే ‘రంగు పోవడం’ కూడా ఒక గంపే. ఉతికిన నీళ్లలోకి రంగు రావడం ఒకటి. ఆ రంగు పక్క బట్టకు అంటడం ఇంకొకటి. ఎర్ర చార అంచు దాటి తెల్ల చారలోకి పాకడం మూడోది. ఎండకు, వాడకానికి వెలిసిపోవడం నాలుగోది. ఇటాలియన్‌లో ఈ నాలుగూ నాలుగు మాటలు. నీళ్లలో దిగితే స్తింజెరె, అంటితే మక్కియారె, పాకితే జ్బవారె, వెలిస్తే జ్బియదీరె. వీటిలో ఏది రాస్తే కొన్నామె అదే జరుగుతుందని నమ్ముతుంది. జరగకపోతే మంచిదే. రాయనిది జరిగితే మాత్రం దర్రీ వెనక్కి వస్తుంది, సంఘం పేరు పోతుంది.

డిక్షనరీలో తేలే సంగతి కాదని సంఘం వెనకాల ఉన్న రంగుల షెడ్డుకు వెళ్లాను. వెదురు బొంగుల మీద తడి నూలు చిలపలు వేలాడుతున్నాయి, కింద గచ్చు మీద ఎర్రగా, నల్లగా చుక్కలు పడుతున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా రంగు వేస్తున్న పెద్దమనిషి అక్కడ కర్రతో నూలు తిప్పుతున్నాడు.

“కాకా, ఈ రంగులు దిగుతయా?” అని అడిగాను.

“ఏ రంగు బిడ్డా? అన్నిటిని ఒక్క తీరుగ అడిగితె ఎట్ల చెప్పాలె?”

కేటలాగ్ రాసినవాళ్లు అడగని ప్రశ్న అది. నాకూ తట్టలేదు. ‘కలర్స్’ అని బహువచనం చూసి అన్ని రంగులూ అనుకున్నాను.

ఆయన తెగిన పోగుల మూటలోంచి నలుపు, నీలం, ఎరుపు తలా కొంచెం తీశాడు. మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి, ఇంత సబ్బు పొడి వేసి, మూడింటినీ విడివిడిగా ముంచాడు. ఒక్కోదాన్ని పాత తెల్ల బనీను గుడ్డ మడతలో పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. నలుపు పెట్టిన మడత తెల్లగానే ఉంది. నీలం కూడా అంతే. ఎరుపు పెట్టిన చోట లేత గులాబీ మచ్చ పడింది. అదే ఎర్ర పోగును కడిగి మళ్లీ నొక్కాడు, మచ్చ పలచబడింది. మూడోసారికి కనిపించీ కనిపించనట్టుంది.

“నలుపు దిగదు, నీలం దిగదు. గీ ఎరుపు రెండు మూడు నీళ్ల దాక దిగుతది, తర్వాత ఆగుతది.”

“పక్కన తెల్ల చారకు అంటుతదా?”

“ఉతికి ఎంబటే ఆరేస్తె అంటదు. నానవెట్టి మడతవెట్టి ఇడిసిపెడితె అంటుతది. గది రాయి.”

ఆ లాటులో నలుపు, నీలం వ్యాట్ రంగులు. వ్యాట్ రంగును ముందు కరిగే రూపంలోకి తెచ్చి నూలుకు పట్టిస్తారు. బయటికి తీశాక గాలి తగిలి అది మళ్లీ కరగని రూపంలోకి మారి పోగులోనే ఉండిపోతుంది. అందుకే ఉతుకుడుకు నిలబడుతుంది. ఎరుపు డైరెక్ట్ రంగు. పోగును పట్టుకుని ఉంటుంది కానీ నీళ్లలో కరిగే గుణం పోదు, అందుకే మొదట్లో కొంత దిగుతుంది. బట్టకు రంగు ఎంత నిలుస్తుందో ల్యాబులో చూసే ఐఎస్ఓ 105 పరీక్షల్లోనూ ఉతుకుడుకు రెండు మార్కులు వేరువేరుగా ఇస్తారు: ముక్క రంగు ఎంత మారింది, దానితో కలిపి కుట్టిన తెల్ల గుడ్డకు ఎంత అంటింది అని. 1 నుంచి 5 వరకు ఇచ్చే ఆ మార్కుల్లో 5 అంటే ఏ మార్పూ లేనట్టు. కాక బనీను గుడ్డతో తేల్చింది రెండో మార్కు సంగతే. యూరప్‌కు పంపాలంటే ఆ పరీక్ష కూడా చేయించమని సంఘానికి చెప్పాను.

చివరికి లేబుల్ మీద పడిన వాక్యం ఇది: ‘ఇల్ రోస్సో పువో స్తింజెరె ఆయ్ ప్రీమి లవాజ్జి.’ ఎరుపు మొదటి ఉతుకుళ్లలో దిగవచ్చు అని. రంగులన్నీ కాదు, ఎరుపు ఒక్కటే. దాని కింద ‘లవారె సెపరతమెంతె’, విడిగా ఉతకండి. ఇంకో ముక్క ఇంగ్లిష్‌లో లేనిది, కాక చెప్పింది: ‘నోన్ లషారె ఇన్ అమ్మోల్లో’, నానబెట్టి వదలకండి. మూలంలో లేనిది చేర్చే హక్కు అనువాదకులకు లేదు. అందుకే కార్యదర్శిని అడిగి, ఆయన సరేనన్నాకే చేర్చాను. మొదట ఆయన వెనకాడాడు. “రంగు దిగుతదని మనమే రాస్తే కొంటరా?” అన్నాడు. ఏ రంగు దిగుతుందో, ఎన్నిసార్లు దిగుతుందో విడమరిచి రాస్తే దాచినట్టుండదు, కొనేవాళ్లకు ధైర్యం వస్తుందని చెప్పాను. ఇప్పటికీ నా మాట అదే.

లేబుల్ గురించి ఇంకో సంగతి. యూరప్‌లో బట్టల మీద నూలు శాతం ఎంత, జనపనార శాతం ఎంత అనేది అమ్మే దేశం భాషలో ఉండాలని 2011 నాటి 1007వ నంబర్ నియమం చెబుతోంది. జనపనారను ఇటాలియన్‌లో యూతా అంటారు. ఇలాంటి చోట అందమైన మాటలు వెతకకూడదు, నియమంలో ఉన్న పేరే రాయాలి. భౌగోళిక గుర్తింపు విషయంలోనూ అంతే జాగ్రత్త పడ్డాను. ఇటలీ జనానికి ఆ మాట వినగానే చీజు డబ్బాల మీద ఉండే తమ ముద్ర గుర్తొస్తుంది. మన దర్రీకి ఉన్నది ఆ ముద్ర కాదు. కాబట్టి భారతదేశంలో నమోదైన భౌగోళిక గుర్తింపు అని పూర్తిగా రాశాను.

మిగతా ‘రన్’లలో చాలావాటికి ఎక్కువ సేపు పట్టలేదు. రన్నింగ్ వాటర్‌కు ‘అక్వా కోర్రెంతె’ అని ఉండనే ఉంది. రన్నింగ్ మీటర్‌కు ‘మెత్రో లినెఆరె’. ఇక్కడ మాట కంటే లెక్క ముఖ్యం. మన దగ్గర బేరం చదరపు అడుగుల్లో, షీటులో పొడవు మీటర్లలో ఉంది. ఏ ధర దేనికో కార్యదర్శితో ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. సైజులు ఇంత నుంచి ఇంత దాకా ‘రన్’ అవుతాయన్న చోట ఇటాలియన్‌లో ‘వెళ్తాయి’ అంటే సరిపోతుంది. రంగులు ఎనిమిది దాకా ‘రన్’ అవుతాయన్న చోట ‘చేరుకుంటాయి’. సరుకు రన్ అవుట్ అయ్యే దాకా అన్నదానికి వాళ్ల షాపుల్లో ఎప్పుడూ రాసి పెట్టే మాటే ఉంది, ‘ఫీనో ఆ ఎజౌరిమెంతో స్కోర్తె’. నడుస్తున్న మగ్గాలు అన్న చోట మాత్రం కాస్త ఆలోచించాను. యంత్రం నడవడానికి వాడే మాట పెడితే చదివేవాళ్లకు మోటారు గుర్తొస్తుంది. మనవి చేతిమగ్గాలు. అందుకే పనిలో ఉన్న మగ్గాలు అనే అర్థం వచ్చేలా ‘తెలాయి అత్తీవి’ అని రాశాను.

రన్నర్‌కు నాకు తెలిసిన మాటలు రెండు మూడున్నాయి. టేబుల్ మీద పరిచేదాన్ని ఈ మధ్య ఇటలీలో కూడా రన్నర్ అనే అంటున్నారు. వసారాలో నేల మీద పొడుగ్గా పరిచేదాన్ని పస్సతోయా అంటారు, గ్వీదా అనేవాళ్లూ ఉన్నారు. ఏది పెట్టాలో తేలక షాపువాళ్ల పాత ఈమెయిళ్లు తిరగేశాను. రెండుచోట్ల పస్సతోయా అని వాళ్లే రాసుకున్నారు. ఇక వెతుకులాట మానేశాను. కొనేవాళ్ల నోట్లో ఆడే మాట దొరికాక డిక్షనరీ పక్కన పెట్టేయాలి.

చారల దగ్గర మాత్రం ‘రన్’కు డిక్షనరీలో మొట్టమొదట కనిపించే కోర్రెరె, అంటే పరుగెత్తడం, అదే సరిపోయింది. చార పొడవునా పరుగెత్తుతుందని ఇటాలియన్‌లో హాయిగా అంటారు. దారి ఏటి వెంట పరుగెత్తుతుందని కూడా అంటారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు మక్కికి మక్కి అవుతుందేమోనన్న భయంతో మొదటి అర్థాన్ని అసలు ముట్టుకోరు. అదీ తప్పే. అయితే ఫోటోలు చూస్తే రెండు డిజైన్లలో చారలు పడుగు వెంట, అంటే మగ్గం మీద ముందే పొడవునా బిగించే పోగుల వెంట, నిలువుగా ఉన్నాయి, మిగతావాటిలో పేక వెంట, అంటే నేసేటప్పుడు అడ్డంగా దూర్చే పోగుల వెంట, అడ్డంగా ఉన్నాయి. నిలువువాటికి పరుగు పెట్టాను. అడ్డంవాటికి క్రియే లేకుండా ‘పేక దిశలో’ అని ముగించాను. పేకను ఇటాలియన్‌లో త్రామా అంటారు, కథలో అల్లికకు కూడా వాళ్లకు అదే మాట. పడుగు ఓర్దీతో.

కాస్త పక్కదారి అయినా, కేటలాగ్ మొదటి పేజీలో తగిలిన ఇంకో మాట గురించి చెప్పాలి. కాకతీయుల రాజ్యంలో ‘బక్రమ్’లు నేసేవారని మార్కో పోలో రాశాడని అక్కడ ఉంది. పోలో వెనిస్ మనిషి. 1298లో జెనోవా జైల్లో ఉండగా తాను చూసినవన్నీ తోటి ఖైదీ రుస్తికెల్లోకు చెప్పి రాయించాడు. మోటుపల్లి రేవు పేరును ముత్ఫిలి అని రాసి, ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని చెప్పాడు. ఆమె మన రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు. అక్కడి బట్ట సాలెగూడులా ఉంటుందని మెచ్చుకున్నాడు. ఈనాటి ఇంగ్లిష్‌లో బక్రమ్ అంటే పుస్తకాల అట్టలకు వేసే గట్టి గుడ్డ. దాన్ని పట్టుకుని ఇటాలియన్ చేస్తే సాలెగూడు లాంటి బట్ట కాస్తా అట్టముక్క అవుతుంది. పోలో కాలం ఇటాలియన్‌లో ఆ మాట బుకెరామె, అంటే సన్నని ఖరీదైన బట్ట. ఇంగ్లిష్ దాటి వెనక్కి వెళ్లి ఆ పాత మాటనే పెట్టి, పక్కన ‘చాలా సన్నని నేత బట్ట’ అని చేర్చాను. ఓరుగల్లు కోట పక్కన నేసిన సరుకును, దాన్ని మెచ్చుకున్నవాడి దేశానికి, వాడి భాషలో మళ్లీ పంపుతున్నానని ఆ రోజు పొంగిపోయాను.

అదే పేజీలో, 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీ పెట్టారన్న మాట కూడా ఉంది. నిజమే. కానీ అది ముళ్లు వేసి నేసిన తివాచీ, దర్రీ కాదు. ఇటాలియన్‌లో రెండింటికీ తప్పేతో అనే అంటారు కాబట్టి చదివేవాళ్లు ఒకటే అనుకుంటారు. మన సరుకుకు ప్రతిచోటా ‘చదును నేత’ అని కలిపాను.

సంఘం గురించి చెప్పే పేజీలో మూడు ‘రన్’లున్నాయి. సంఘాన్ని నేతవాళ్లే నడుపుతున్నారు అన్నదానికి జెస్తీరె సరిపోయింది. కుటుంబాలు నడిపే మగ్గాలు అన్నదానికి ‘ఆ కొందుత్సియోనె ఫమిల్యారె’ అని వాళ్ల హోటళ్ల బోర్డుల మీద కూడా కనిపించే మాటే ఉంది. మూడోది, ఈ పని కుటుంబాల్లో ‘రన్’ అవుతుంది అన్నది. ఇటాలియన్‌లో దీనికి చప్పున నోటికొచ్చేది ‘ది పాద్రె ఇన్ ఫీల్యో’, తండ్రి నుంచి కొడుక్కి. వినడానికి చక్కగా ఉంటుంది, కానీ నాకు మనసొప్పలేదు. కొత్తవాడలో ఏ ఇంటికి వెళ్లినా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది ఆడవాళ్లే, మగ్గం ఎక్కి నేసేవాళ్లూ ఉన్నారు. తండ్రి నుంచి కొడుక్కి అని రాస్తే వాళ్లందరినీ కొట్టేసినట్టే. ‘తరం నుంచి తరానికి’ అని రాశాను. ఈ ఒక్కచోట ఏ మాట సరైనదని ఎవరూ అడగరు, ఎవరికీ నష్టం లేదు. అయినా అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే.

ఇక నా తప్పు. ధరల షీటులో చివరి కాలమ్ మీద ‘షార్ట్ రన్స్’ అని ఉంది, కింద ప్రతి గడిలో ‘ఎస్’ అని ఉంది. ముందూ వెనకా వాక్యం లేదు. నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌లేషన్ మెమరీ ఉంటుంది. ఒకసారి చేసిన వాక్యాన్ని గుర్తుపెట్టుకుని, దానికి దగ్గరగా ఉన్నది వస్తే పాత అనువాదాన్ని చూపిస్తుంది. అంతకు రెండు రోజుల ముందు కేటలాగ్ తొమ్మిదో పేజీలో ‘షార్ట్ రన్నర్స్’ను ‘పస్సతోయె కోర్తె’ అని చేశాను. పొట్టి పస్సతోయాలు అన్నమాట. షార్ట్ రన్స్ రాగానే మెమరీ దాన్నే తెచ్చి ముందు పెట్టింది. రాత్రి పదకొండు దాటింది, పొద్దున్నే పంపాలి. కళ్లకు తెలిసిన మాటలా కనిపించింది, నొక్కేశాను. పక్కన తెలుగు రాసుకోలేదు. మిగతా పన్నెండింటికీ రాసుకున్నాను, ఈ ఒక్కదానికి రాయలేదు.

పది రోజులకు షాపు నుంచి ఈమెయిల్ వచ్చింది. పొట్టి పస్సతోయాలు ప్రతి డిజైన్‌లో ఉన్నాయని చూసి సంతోషించారట. వంటగదిలో పరుచుకోవడానికి 50 సెంటీమీటర్ల వెడల్పు, 80 పొడవు ఉన్నవి ఎనిమిది కావాలన్నారు. అంత చిన్న కొలత కేటలాగ్‌లోనే లేదు. సంఘంవాళ్లు మాత్రం పోనీ అడిగారు కదా అని, ఒక మగ్గం మీద ఆ వెడల్పుకు పడుగు ఎక్కించి మూడు నమూనాలు నేసి ఫోటోలు పంపారు. ఆ తర్వాత వీడియో కాల్‌లో కార్యదర్శి కనీసం నలభై తీసుకోవాలన్నాడు. అవతలి ఆవిడ తెల్లబోయింది. నలభై అని మీ కాగితాల్లో ఎక్కడుంది అని అడిగింది. మధ్యలో ఇద్దరి మాటలూ అనువదించి చెబుతున్నది నేనే. షీటు తెరిచి ఆ కాలమ్ చూడగానే గుండె జారిపోయింది. షార్ట్ రన్స్ అంటే పొట్టి దర్రీలు కాదు, చిన్న ఆర్డర్లు కూడా తీసుకుంటాం అని. కాల్‌లోనే తప్పు నాదని ఇద్దరికీ చెప్పాను.

దిద్దుబాటు తేలికే అనుకున్నాను, ‘పిక్కోలె క్వాంతితా’, అంటే చిన్న పరిమాణాలు అని మార్చేస్తే చాలని. మళ్లీ ఊహించి రాయడం ఎందుకని ఈసారి ఆ మూడు నమూనాలు నేసిన అన్న ఇంటికే వెళ్లాను. మగ్గం మీద ఆ ఇరుకు పడుగు ఇంకా అట్లాగే ఉంది. మూడు దర్రీల మేర నేసి వదిలేసింది, మిగతాదంతా చుట్టి ఉంది.

“అన్నా, చిన్న ఆర్డర్ అంటే మీ లెక్కల ఎన్ని?”

“ఎన్ని అంటే ఎట్ల? ఒక్క పడుగుకు ఎన్ని దిగితె అన్ని. నలభై మీటర్ల పడుగు ఇది. కుచ్చులకు, కోతకు పోను ఒక్కోదానికి మీటరు ఏసుకో. నలభై అయితయి. ఎనిమిదింటికి అచ్చు అతికి పడుగు ఎక్కిస్తె, మిగిలింది ఏం జెయ్యాలె?”

అప్పుడు అర్థమైంది. కేటలాగ్ రాసినవాళ్లు చిన్న ఆర్డర్ అని ఊరికే అనేశారు. ఎంత చిన్నదన్నది పడుగు చెబుతుంది. నేను మొదటే ‘చిన్న పరిమాణాలు’ అని సరైన మాట పెట్టి ఉన్నా, ఆవిడ ఎనిమిదే అడిగేది, సంఘం నలభై అనే అనేది. ఇటలీ షాపులో చిన్నదంటే ఎనిమిది, కొత్తవాడలో చిన్నదంటే ఒక పడుగు. ఇటాలియన్‌లో ఇలాంటి చోట ‘తిరతూరా’ అనే మాట కూడా ఉంది, కానీ అది ఎక్కువగా పుస్తకాలు, బొమ్మలు ఎన్ని ప్రతులు అచ్చేశారన్నదానికి వాడతారు. నేతకు అతకదు. చివరికి కాలమ్ తీసేసి, షీటు కింద ఒక వాక్యం రాశాను: ‘చిన్న ఆర్డర్లు కూడా తీసుకుంటాం. కనీసం ఒక ఓర్దీతో నుంచి వచ్చినన్ని తీసుకోవాలి.’ ఏ సైజుకు ఒక పడుగులో ఎన్ని దిగుతాయో అన్నను అడిగి పక్కన ఆ అంకెలు వేయించాను. పడుగు అంటే ఏమిటో ఆ షాపామెకు వివరించాల్సిన అవసరమే రాలేదు. వాళ్లవైపూ నేత ఊళ్లున్నాయట, చదవగానే అర్థమైందని రాసింది.

కానీ ఈలోగా నెలన్నర గడిచిపోయింది. వాళ్ల చలికాలం సరుకులోకి మన దర్రీలు చేరలేదు. షీటుకు తీసుకున్న డబ్బులు సంఘానికి తిరిగి ఇచ్చేశాను. నమూనాలకు వాడిన నూలు ఖర్చు ఇస్తానంటే కార్యదర్శి తీసుకోలేదు. అన్న రెండు రోజుల పని మాత్రం నేను తిరిగి ఇవ్వగలిగేది కాదు.

మెమరీలోంచి ఆ జతను తీసేశాను. అందులో ప్రతి మాట పక్కనా వ్యాఖ్య రాసుకునే చిన్న గడి ఉంటుంది, అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. ఇప్పుడు ‘రన్’ ఉన్న ప్రతి చోటా ఆ గడిలో తెలుగు క్రియ రాసి ఉంది. దిగు, నడుచు, పారు, సాగు, అయిపోవు. షార్ట్ రన్స్ ఎదురుగా ఒక్కటే మాట ఉంది, పడుగు. వాక్యం లేకుండా గడిలో ఒంటరిగా ఉన్న మాట ఏదైనా ఇప్పుడు పసుపు రంగు వేసి, అడిగి తెలుసుకున్నాకే ముట్టుకుంటాను. ఎక్సెల్ షీట్లలో ఇలాంటివి ఎక్కువ. అందుకే ఇప్పుడు షీటుకు కేటలాగ్ కంటే ఎక్కువ రోజులు అడుగుతున్నాను.

తర్వాతి వేసవి సరుకు కోసం ఆ షాపు నుంచి ఒక పడుగు ఆర్డర్ వచ్చింది, ఎరుపు చారలవే. లేబుళ్లు కుట్టే రోజు నేనూ వెళ్లాను. అన్న భార్య దర్రీ మూల మడిచి లేబుల్ పెట్టి సూది గుచ్చుతూ, అందులో ఏం రాసి ఉందని అడిగింది. ముందు ఇటాలియన్‌లో చదివాను, తర్వాత తెలుగులో చెప్పాను. సూది ఆపి విన్నది.

“నానవెట్టద్దని రాసినవా?”

“రాసిన వదినా. ఇగో, ఆఖరి ముక్క అదే.”